మోటారుబండి దప్పిక

వైశాఖమాసపు మిట్టమధ్యాహ్నము. ఆళ్లగడ్డ దాటి చాగలమర్రి దిక్కునకు పోవు బాటపై ఒక పాత కారు వేపచెట్టు క్రింద ఆగియున్నది. బానెట్టు పైకెత్తియున్నది. రేడియేటరు మూత సందులనుండి ఆవిరి బుసకొట్టుచున్నది. దిగినవారిలో ఒకరు ఫ్యాను పోయినదందురు. మరియొకరు పంపు పోయినదందురు. డ్రైవరు మాత్రము ఏమియు అనక, ఖాళీ డబ్బా చేతబట్టుకొని దూరమున కనబడు బావివైపు నడచును. కర్నూలు, కడప సీమలలో కారుప్రయాణము చేసిన ఏ కుటుంబమునకైనను ఈ దృశ్యము క్రొత్తది కాదు.

ఆ డ్రైవరు నడకలో ఒక చరిత్ర యిమిడియున్నది. మోటారుబండి ఈ సీమకు వచ్చిన నాటినుండి దానిని చల్లబరచు విధానము మారుచు వచ్చినది. మారిన ప్రతిసారియు బండి త్రోవలో ఆగిపోవుటకు గల కారణము కూడ మారినది. మొదటి కాలమున అది నీటిమట్టము, తరువాత బెల్టు, ఆ తరువాత విద్యుత్తు తీగ. కాని మూడు కాలములందును మారనిది ఒకటి కలదు. అది ఈ నేలనుండి వచ్చు నీరు. ఇంజను కాగినప్పుడు జనులు ఫ్యానుపై మోపు నేరములలో పెక్కింటికి మూలము నీటియందే యుండునని మా అభిప్రాయము. ఇంట పాత కారు నుంచుకొని, దానిని విడువను లేక, మరమ్మతుల ఖర్చు భరింపను లేక తికమకపడు గృహస్థులకు ఈ చరిత్ర కొంత ఉపకరించునని తలచి యిచ్చట వివరించుచున్నాము.

ఇంజనులో కాలిన పెట్రోలు పుట్టించు వేడిమిలో ఇంచుమించు మూడవ వంతు, పాత బండ్లలో అంతకంటెను తక్కువ, చక్రములను త్రిప్పు పనికి వచ్చును. ఇంకొక మూడవ వంతు పొగగొట్టము వెంట పోవును. మిగిలినది ఇంజను లోహమునకు పట్టును. దానిని ఎప్పటికప్పుడు తీసివేయనిచో పిస్టన్లు ఉబ్బి సిలిండర్లలో బిగిసిపోవును. అందుచేత సిలిండర్ల చుట్టును నీరు నింపుట మొదలుపెట్టిరి. 1886లో జర్మనీ దేశమున కార్ల్ బెంజ్ పేటెంటు పొందిన మూడుచక్రముల బండిలో ఈ నీరు మరిగి ఆవిరియై పోవుచుండెడిది. పొయ్యిమీది ఎసటికి పోసినట్లు దానికి మరల మరల నీరు పోయవలసి వచ్చెడిది. 1900-1901 ప్రాంతమున విల్‌హెల్మ్ మేబాఖ్ అను ఇంజనీరు తేనెపట్టును పోలిన రేడియేటరును నిర్మించి మెర్సిడెస్ కారునకు అమర్చెను. వేలకొలది సన్నని గొట్టముల గుండ గాలి దూరిపోవుచు, వాని చుట్టునున్న నీటి వేడిమిని తీసికొనిపోవును. కొద్దిపాటి నీరే తిరిగి తిరిగి దూరప్రయాణమునకు చాలుట దీనివలన సులభమయ్యెను.

1908 మొదలు 1927 వరకు అమెరికాలో ఫోర్డు కర్మాగారములనుండి ‘టీ’ నమూనా కార్లు కోటిన్నర వెలువడినవి. 1926లో ఫోర్డు సంస్థయు, 1928లో జనరల్ మోటార్సు సంస్థయు మన దేశమున తమ శాఖలను స్థాపించి, విదేశములనుండి వచ్చిన భాగములను ఇచ్చటనే కూర్చి బండ్లను అమ్మసాగినవి. ‘టీ’ నమూనా బండ్లలో మొదటి కొలదివేలు తప్ప తక్కినవానికి నీటిపంపు లేదు. వేడి నీరు తేలికయై పైకి పోవును, చల్లని నీరు బరువై క్రిందికి దిగును అను ప్రకృతిధర్మము పైననే వాని భారమంతయు ఉండెను. ఇంజనులో కాగిన నీరు పై గొట్టము గుండ రేడియేటరు తలకు చేరి, అచ్చట చల్లారి, అడుగు గొట్టము గుండ మరల ఇంజనునకు వచ్చును.

ఈ ఏర్పాటులో ఒక చిక్కు కలదు. నీటిమట్టము పై గొట్టము నోటికంటె క్రిందికి దిగినచో ప్రవాహము పూర్తిగా ఆగిపోవును. రేడియేటరులో ముప్పాతిక భాగము నీరున్నను ప్రయోజనము లేదు. ముందు ఫ్యాను ఎంత వేగముగ తిరిగినను ఫలము లేదు. ఆకాలపు డ్రైవర్లు ఆగిన ప్రతి ఊరిలోను మూత తీసి మట్టము చూచుట ఆచారముగ పెట్టుకొనుటకు కారణమిదే. బండికి నీరు పోయవలెననుటకు బదులు ‘బండికి నీళ్లు తాపల్ల’ అను మాట ఈ సీమ నోట వినబడును. పశువునకు వాడు మాటయే యంత్రమునకును చెల్లినది. ఆ మాటలో శాస్త్రమున్నది: దప్పిక తీరని ఎద్దు నడవదు, ఈ బండియు నడవదు.

ఇట్టి యంత్రము ఏ నేలకు వచ్చినదో చూడవలెను. కర్నూలు పట్టణము సముద్రమట్టమునకు సుమారు 280 మీటర్ల ఎత్తున నున్నది. వేసవిలో కర్నూలు, నంద్యాల, కడపలలో ఎండ 42, 43 డిగ్రీలకు చేరుట సాధారణము. రేడియేటరు తన వేడిమిని గాలికే ఇచ్చివేయవలెను గనుక, గాలియే అంత వేడిగ నున్నప్పుడు దాని శక్తి తగ్గును. నైరుతి గాలి వెనుకనుండి తరుముచుండగా మెల్లగ ఎత్తు ఎక్కు బండికి ఎదురుగాలి కూడ దొరకదు. అది ఒక కష్టము. దానికంటె పెద్ద కష్టము నేల అడుగున నున్నది.

1872లో విలియం కింగ్ అను భూతత్త్వశాస్త్రజ్ఞుడు కడప, కర్నూలు శిలాశ్రేణులను గూర్చి ప్రభుత్వ భూతత్త్వశాఖ పక్షమున ఒక బృహద్గ్రంథము ప్రకటించెను. ఈ రెండు జిల్లాలలో సున్నపురాయి ఎంత విస్తారముగ పరచుకొని యున్నదో దానివలన లోకమునకు తెలిసెను. మన యిండ్లలో పరచు కడప బండలు, నాపరాళ్లు ఆ జాతివే. ఎర్రగుంట్ల, బేతంచెర్ల ప్రాంతములలో సిమెంటు కర్మాగారములు వెలయుటకు కారణము కూడ ఆ రాయియే. ఆ రాతి పొరలలో ఊరిన బావినీటిలో సున్నము కరిగియుండును. ఆ నీరు కాగినప్పుడు సున్నము విడివడి పొలుసుగా అడుగున పేరుకొనును. స్నానమునకు నీళ్లు కాచు అండాలోపల గోకి చూచినచో తెల్లని పెచ్చు ఊడివచ్చుట గృహిణులందరికిని తెలిసిన సంగతియే. అండాలో జరుగునదే రేడియేటరులోను జరుగును. అండా నోరు పెద్దది, గోకవచ్చును. రేడియేటరు గొట్టములు సన్ననివి, చేయి పట్టదు.

పొలుసునకు వేడిమిని ప్రసరింపజేయు గుణము రాగికంటె నూరు రెట్లకు మించి తక్కువ. అనగా సన్నని పొర పట్టినను రేడియేటరు దుప్పటి కప్పుకొన్నట్లగును. పొర దళసరియైన కొలదియు గొట్టములు పూడిపోవును. అప్పుడు బండి తరచుగ కాగును. కాగినప్పుడు నీరు ఆవిరియై పోవును. పోయిన నీటికి బదులు మరల బావినీరు పోయుదురు. ఆ బిందె నీటితో మరికొంత సున్నము లోపల చేరును. ఈ విధమున మందే రోగమును పెంచును. ఈ సీమలో పాత కార్ల ఆయుస్సును హరించినది ఎండ మాత్రమే కాదు. ఎండకు విరుగుడుగా పోసిన నీరు కూడ.

నీటి గుణదోషములను ఎంచుట ఈ ప్రాంతపు పెద్దలకు క్రొత్త విద్య కాదు. కడప జిల్లాలోని పోరుమామిళ్ల చెరువు శాసనము 1369వ సంవత్సరము నాటిది. విజయనగర ప్రభువగు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఆ చెరువును కట్టించెను. వేయిమంది పనివారు రెండేండ్లు శ్రమించిరని ఆ శాసనము తెలుపుచున్నది. మంచి చెరువునకు కావలసిన 12 అంగములను, చెరువునకు ఉండరాని 6 దోషములను అందు వరుసగ ఎంచి చెప్పిరి. కట్టనుండి నీరూరుట ఒక దోషము. చవుటినేల ఒక దోషము. నీరు స్వల్పమై పారవలసిన నేల ఎక్కువగుట మరియొక దోషము. రేడియేటరును ఒక చిన్న చెరువుగ భావించినచో ఈ మూడును దానికి సరిపోవును. గొట్టముల అతుకులనుండి నీరు కారుట, సున్నపునీటి పొలుసు పట్టుట, ఇంజను వేడిమికి చాలినంత నీరు లేకుండుట. దోషములను వరుసగ ఎంచి, ఒక్కొక్కదానిని చూచి త్రోసివేయుచు పోవుటయే రోగనిర్ణయపు పద్ధతి. ఆరువందల యేండ్లనాడు చెరువునకు చేసినది నేడు కారునకు చేయవలసియున్నది.

రెండవ ప్రపంచయుద్ధము 1939లో ఆరంభమైన పిదప పెట్రోలునకు కరవు వచ్చినది. రేషను విధింపబడినది. దక్షిణదేశమున పెక్కు బస్సులకు వెనుక బొగ్గుపొయ్యి వంటి యంత్రము కట్టి, బొగ్గునుండి పుట్టు వాయువుతో ఇంజనును నడపిరి. బొగ్గు బస్సులని పిలువబడిన ఆ బండ్లను పెద్దలు చాలకాలము తలచుకొనుచుండిరి. బొగ్గువాయువునకు పెట్రోలునకున్న సత్తువ లేదు. చిన్న ఎత్తునకు కూడ తక్కువ గేరులో మూలుగుచు ఎక్కవలసివచ్చును. బండి నడక మందము, ఇంజను తిరుగుడు అధికము. ఎదురుగాలి లేదు, వేడిమి మాత్రము మెండు. అట్టి స్థితిలో కనుమలు ఎక్కునపుడు ప్రయాణికులు దిగి నడచుట, బండిని త్రోయుట మామూలు సంగతియయ్యెను. యుద్ధము నేర్పిన పాఠమొకటి నేటికిని పనికివచ్చును: బండి కాగుటకు చల్లబరచు సాధనములు చెడుటయే ఎల్లప్పుడు కారణము కాదు, ఇంజను తన శక్తికి మించి శ్రమించినను కాగును. బ్రేకులు పట్టి విడువకపోయినను, స్పార్కు పడవలసిన క్షణముకంటె ఆలస్యముగ పడినను, ఫ్యాను చక్కగ తిరుగుచుండగనే ముల్లు పైకి పోవును.

స్వాతంత్ర్యముతోపాటు దేశీయ కార్ల యుగము వచ్చినది. 1942లో స్థాపితమైన హిందూస్థాన్ మోటార్సు సంస్థ 1948లో కలకత్తా చెంత ఉత్తరపాడాకు తరలివచ్చి, 1954లో ల్యాండ్‌మాస్టరును, ఆ దశాబ్ది చివర అంబాసిడరును విడుదల చేసినది. బొంబాయిలో ప్రీమియర్ సంస్థ 1954లో ఫియట్ 1100 కారును ప్రవేశపెట్టినది; దాని సంతతియే తరువాతి పద్మిని. అదే కాలమున 1953 అక్టోబరు 1వ తేదీన కర్నూలు ఆంధ్రరాష్ట్రమునకు రాజధాని అయి, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించు వరకు ఆ పదవిలో నుండెను. ఆ తరువాత దశాబ్దములపాటు ఈ జిల్లాల టాక్సీలు, కచ్చేరీల బండ్లు, వైద్యుల కార్లు, పెండ్లిబండ్లు అన్నియు అంబాసిడరు, ఫియట్ జాతులవే.

ఈ బండ్లలో నీరు తనంతట తాను తిరుగదు, పంపు త్రిప్పును. పంపు, ఫ్యాను ఒకే ఇరుసుపై నుండును. ఇంజను ముందరి బెల్టు ఆ ఇరుసును, డైనమోను కలిపి త్రిప్పును. ఒక్క బెల్టు మూడు పనులు చేయునన్నమాట. ఈ సంగతి తెలిసినచో రోగనిర్ణయము సగము అయినట్లే. బెల్టు తెగినచో నీటి ప్రవాహము, గాలి, విద్యుత్తు మూడును ఒకేసారి నిలిచిపోవును. కనుక వేడిమి ముల్లు లేచుచుండగా ఎదుటి పలకపై చార్జింగు ఎర్రదీపము కూడ వెలిగినచో కారణము బెల్టే అని కూర్చున్నచోటనే చెప్పవచ్చును. దీపము వెలుగక ముల్లు మాత్రము లేచినచో కారణము వేరొకచోట వెదకవలెను. బెల్టు తెగకున్నను వదులైనచో జారును. బొటనవ్రేలితో నడుమ నొక్కినపుడు అర అంగుళమునకు మించి మిక్కిలిగ లోబడినచో బిగింపవలెను.

ఆనాటి మంచి మేస్త్రీలు బండి యజమానిని మొదట అడుగు ప్రశ్న ఒకటే: ‘ఎప్పుడు కాగుతాది సామీ, నిలిచినప్పుడా, పరుగెత్తేటప్పుడా?’ దీనిని మించిన పరీక్ష నేటికిని లేదు. ఊరి సందులలో మెల్లగ పోవునపుడు, రైలుగేటు కడ నిలిచినపుడు కాగి, బాటపై పరుగెత్తునపుడు చల్లారు బండికి గాలి లోపము కలదు, ఫ్యానును చూడవలెను. బాటపై వేగముగ పోవుచుండగనే కాగు బండికి గాలి లోపము లేదు. ఆ వేగమున ఎదురుగాలియే చాలును. దానికి నీటి లోపమో, నీటి ప్రవాహ లోపమో ఉండును. రేడియేటరు పూడియుండవచ్చును, పంపు రెక్కలు తినివేయబడి యుండవచ్చును, థర్మోస్టాటు తెరచుకొనకుండవచ్చును, అడుగు హోసు మెత్తబడి పంపు పీల్పునకు లోనికి అణగిపోవచ్చును. ఈ రెండు జాతులను కలిపివేసి, వేగమున కాగు బండికి క్రొత్త ఫ్యాను వేయించి ధనము పోగొట్టుకొన్నవారు పెక్కుమంది కలరు.

మూత సంగతి కూడ చెప్పవలెను. రేడియేటరు మూత కేవలము కప్పు కాదు. లోపలి పీడనమును నిలుపు స్ప్రింగు దానిలో కలదు. చదరపు అంగుళమునకు 7 పౌనుల పీడనము నిలుపు మూతయున్నచో లోపలి నీరు సుమారు 110 డిగ్రీల వరకు మరుగదు. స్ప్రింగు చచ్చినచో, రబ్బరు చీలినచో కర్నూలులో 99 డిగ్రీలకే మరుగును. ఎత్తునకు పోయిన కొలదియు ఇంకను ముందే మరుగును. పూర్వము కడప జిల్లాలోనిదై యుండిన మదనపల్లె చెంత, సుమారు 1,265 మీటర్ల ఎత్తుగల హార్స్‌లీ కొండపై మూతలేని పాత్రలోని నీరు 96 డిగ్రీల ప్రాంతమునకే మరుగును. స్వల్ప వ్యయముతో క్రొత్త మూత వేయించి తీరిన రోగమునకు ఇంజను విప్పించినవారును లేకపోలేదు.

ఆ కాలపు రేడియేటర్లు రాగి, ఇత్తడితో చేసినవి. పూడినప్పుడు మేస్త్రీ పై తొట్టిని టంకము కరగించి ఊడదీసి, ఒక్కొక్క గొట్టములోనికి సన్నని ఊచ దూర్చి సున్నపు పొలుసును రాల్చి, మరల అతుకువేయుచుండెను. ఓపికతో కూడిన పని అది. నేటి రేడియేటర్లలో ఎక్కువ భాగము అల్యూమినియమునకు ప్లాస్టికు తొట్టెలు బిగించినవి. వానికి ఆ వైద్యము చెల్లదు. పొలుసు కరుగునని కాస్టిక్ సోడా పోయుట అసలే కూడదు. అది అల్యూమినియమునే తినివేయును.

1983 డిసెంబరులో మారుతి 800 కారు వెలువడినది. అప్పటి మన ప్రజలకు అది చిన్నదనము చేత, చవుక చేత ప్రసిద్ధమైనది గాని, చల్లబరచు విధానములో అది తెచ్చిన మార్పు అంతగా గుర్తింపబడలేదు. ఇంజను అడ్డముగ అమర్చబడుటచేత ఫ్యానును బెల్టుతో త్రిప్పు వీలు పోయినది. దాని స్థానమున విద్యుత్తు ఫ్యాను వచ్చినది. నీటి వేడిమిని కనిపెట్టు ఒక స్విచ్చి, నియతమైన వేడిమి వచ్చినప్పుడు ఫ్యానును తిరుగజేసి, తగ్గినప్పుడు ఆపును. తరువాతి కార్లలో ఎక్కువ భాగము ఈ పద్ధతినే అనుసరించినవి. నాటి క్రొత్త కార్లే నేటి పాత కార్లు. కనుక మన యిండ్లముందరి చిక్కులు ఎక్కువగ ఈ జాతివి.

ఫ్యాను ఇంజనునుండి విడిపోవుటతో దాని రోగములు తీగలలోనికి ప్రాకినవి. ఇంజను కాగినను ఫ్యాను తిరుగనిచో మొదట ఫ్యూజును చూడవలెను. అది బాగున్నచో ఫ్యాను తీగలను విడదీసి బ్యాటరీనుండి నేరుగ విద్యుత్తు నిచ్చి చూడవలెను. అప్పుడును తిరుగనిచో మోటారు చెడినది; లోపలి బొగ్గుముక్కలు అరిగియుండును. తిరిగినచో మోటారు నిర్దోషి. రిలేనో, స్విచ్చినో, తుప్పుపట్టిన ఎర్తు తీగనో అనుమానింపవలెను. స్విచ్చికి రెండు తీగలు ఉన్న బండ్లలో వానిని ఒకదానితో నొకటి కలిపినపుడు ఫ్యాను తిరిగినచో లోపము స్విచ్చి వైపున నున్నది. ఇవి చేయునపుడు చేతులను రెక్కలకు దూరముగ నుంచవలెను. ఇంజను ఆపిన తరువాత కూడ ఈ ఫ్యాను తనంతట తాను తిరుగవచ్చును. మోటారు మార్చినపుడు తీగలు తారుమారైనచో ఫ్యాను వెనుకకు తిరిగి గాలిని తప్పుదారిన త్రోయును. రేడియేటరు వెనుకనుండు ఫ్యానునకు ముందువైపున ఒక కాగితము పట్టినచో అది రేడియేటరునకు అంటుకొనవలెను; ఎగిరిపోయినచో దిక్కు తప్పినదని అర్థము.

ఇచ్చట మేము మొదట చెప్పిన మాటకు తిరిగివచ్చుచున్నాము. ఆ స్విచ్చి తెలిసికొనునది నీటి వేడిమిని. దాని మొన నీటిలో మునిగియుండవలెను. నీరు తగ్గి మొన బయటపడినచో, చుట్టునున్న ఆవిరినుండి దానికి వేడిమి సరిగ తెలియదు. ఇంజను కాలిపోవుచున్నను స్విచ్చి నిద్రించుచుండును, ఫ్యాను తిరుగదు. చూచువారు ఫ్యాను పోయినదందురు. క్రొత్త ఫ్యాను వేయింతురు; మరల కాగును. మరికొన్ని బండ్లలో స్విచ్చి రేడియేటరునందే యుండును. థర్మోస్టాటు మూసికొనిపోయినచో వేడి నీరు రేడియేటరునకే రాదు. అది చల్లగనే యుండును. స్విచ్చి పని చేయవలసిన అక్కరయే కలుగదు. అప్పుడును నింద ఫ్యానునకే. ఈ విధమున నీరు చేసిన తప్పునకు గాలి శిక్ష అనుభవించుచున్నది.

దీనికి మన ప్రాంతమున ఒక అడ్డదారి వైద్యము వ్యాపించినది. స్విచ్చిని తీసివేసి, తాళము త్రిప్పగనే ఫ్యాను తిరుగునట్లు ‘డైరెక్టు’ చేయుదురు. త్రోవలో ఆపదకు అది మంచిదే. కాని శాశ్వతముగ నుంచినచో మోటారు త్వరగ అరుగును, బ్యాటరీపై భారము పడును. అన్నిటిని మించి, నీరు తగ్గుచున్నదను హెచ్చరిక మనకు అందదు. థర్మోస్టాటును పెరికివేయుట కూడ ఇట్టిదే. కొన్ని ఇంజనులలో అది లేనిచో నీరు రేడియేటరును తప్పించుకొని పక్కదారిన తిరిగి, కాగుట ఇంకను ఎక్కువగును.

నీరు తరుగుచుండి, బయట ఎచ్చటను కారుట కనబడనిచో హెడ్డు గ్యాస్కెట్టును అనుమానింపవలెను. చల్లని ఇంజనును మూత తీసి నడపినపుడు రేడియేటరులో ఎడతెగక బుడగలు వచ్చుట, ఆయిలు మజ్జిగవలె తెల్లబారుట, పొగగొట్టమునుండి తెల్లని ఆవిరి వచ్చుచునే యుండుట దాని గుర్తులు. కాగిన బండిని ఇంకొక మైలు, ఇంకొక మైలని నడపిన ఫలితమే సాధారణముగ ఇది.

కూలెంటు అనునది చలిదేశముల వారికే అక్కర యని మన సీమలో ఒక అపోహ కలదు. అది నీరు గడ్డకట్టకుండుటకు మాత్రమే కాదు. మరుగు వేడిమిని పెంచును, తుప్పును ఆపును. శుద్ధిచేసిన నీటితో కలిపి పోసినచో సున్నము చేరదు. కర్నూలు, కడపలకు అది చలిదేశములకంటె ఎక్కువ అవసరమని మేము అందుము. అయితే అది విషము. రుచికి తీయగ నుండును గనుక పిల్లలకు, పశువులకు అందకుండ జాగ్రత్తపడవలెను.

కడపనుండి రాయచోటికి పోవు గువ్వలచెరువు కనుమలోను, నంద్యాలనుండి గిద్దలూరునకు పోవు నల్లమల కనుమలోను బండి కాగినచో చేయవలసినది కొంచెమే. నీడకు చేర్చి ఇంజను ఆపవలెను. కనీసము అరగంట తాళవలెను. మూతను వెంటనే తీయరాదు. లోపలి నీరు నూరు డిగ్రీలు దాటియుండి, మూత వదులగుటతోనే ఒక్కమారుగ ఆవిరియై ముఖమునకు ఎగయును. ఆ తొందరకు చేతులు, కన్నులు పోగొట్టుకొన్నవారు కలరు. చల్లారిన పిదప గుడ్డ వేసి మూతను మెల్లగ వదులు చేయవలెను. కాగిన ఇంజనులో చన్నీళ్లు గుమ్మరింపరాదు, లోహము పగులును.

కొన్నియేండ్ల క్రిందట శివరాత్రి దాటిన కొలదిదినములకు మేము మైదుకూరు చేరువ ఇట్లే ఆగితిమి. ఆ యేడు ఎండలు ముందే ముదిరినవి. బాటప్రక్కన అప్పుడే చలివేంద్రము పెట్టిరి. మా డ్రైవరు డబ్బా పట్టుకొని కుండల దగ్గరకు పోగా, అచ్చట కూర్చున్న ముసలమ్మ చేయి అడ్డము పెట్టి, ‘ముందు మనుషులకు తాపుదాం నాయనా. బండికి ఆ కాలవ నీళ్లు తెచ్చుకో’ అనినది. కర్నూలు–కడప కాలువలో ఇంకను నీరు పారుచుండెను. 1860లలో ఒక కంపెనీ త్రవ్వనారంభించి, 1882లో ప్రభుత్వము స్వాధీనము చేసికొన్న కాలువ యది. పడవలు కూడ నడచునని ఆశించి త్రవ్విన ఆ కాలువనుండి మా డ్రైవరు ఒక డబ్బా నీరు తెచ్చి, గుడ్డతో వడగట్టి పోసెను. ఆమె చెప్పినది మనుష్యధర్మము. కాని సున్నపురాతి బావినీటికంటె తుంగభద్రనుండి వచ్చు నదీజలమున సున్నము తక్కువ గనుక, శాస్త్రము కూడ ఆమె పక్షముననే యున్నది.

పద్మిని కార్ల ఉత్పత్తి 2000 ప్రాంతమున ఆగిపోయినది. అంబాసిడరు 2014లో నిలిచినది. ఊచలతో గొట్టములు శుభ్రము చేయు మేస్త్రీలు తగ్గిపోవుచున్నారు. నేటి కార్లు నీరు అడుగుట అరుదైనందున మనమును మూత తీసి చూచుట మరచితిమి. కాని యంత్రము పాతబడిన కొలదియు పాత ధర్మములే మరల మేలుకొనును. కనుక ఇంటి బండి కాగినచో మొదట నీటిని, రెండవది దాని ప్రవాహమును, మూడవది గాలిని, చివరకు విద్యుత్తును చూడుడు. ప్రయాణమునకు ముందు ప్రాతఃకాలమున, ఇంజను చల్లగ నున్నప్పుడు మట్టము చూచుట నిమిషము పని. త్రాగునీరు ఒక డబ్బాలోను, బండి నీరు వేరొక డబ్బాలోను వెంట తీసికొనిపొండు. చలివేంద్రపు కుండ మనుష్యులకు మిగులును.